ఎవరిదో కాలు

బ్రేసులు వచ్చిన రోజున ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది అమ్మమ్మే. అట్టపెట్టెకి చుట్టిన తాడు తెంపడానికి తన పెద్ద కత్తెర తీసింది. ఆ కత్తెరతో బట్ట తప్ప ఇంకేదీ కత్తిరించనివ్వని మనిషి ఆవిడ. ఒకసారి అల్లుడు దాంతో పాల ప్యాకెట్టు మూల కోశాడని రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

"అత్తయ్యా, ఇవాళ కత్తెరకి సెలవిచ్చారా?" అన్నాడు అల్లుడు, వ్యాను తాళాలు మేకుకి తగిలిస్తూ.

"నా మనవరాలి కాళ్ళొచ్చాయి బాబూ. నోర్మూసుకుని ఆ కాగితాలు తియ్యి."

కాగితాల చుట్టల మధ్య నుంచి రెండు తెల్లటి ప్లాస్టిక్ తొడుగులు బయటికొచ్చాయి. కాలివేళ్ళ చివర మొదలై, అరికాలి కింద నుంచి మడమ చుట్టూ తిరిగి, పిక్క వెనకగా మోకాలి కింది దాకా వెళ్ళాయి. మధ్యలో ఎక్కడా వంగవు. మూడేసి పట్టీలు, పట్టీల మీద గులాబీరంగు సీతాకోకచిలుకలు. అమ్మమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చింది. బట్ట నాణ్యం చూసే అలవాటది. అంచు నున్నగానే ఉంది. బాగుందనుకుంది.

పిల్లని అందరూ బొంగరం అంటారు. రెండేళ్ళ నాలుగు నెలలు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్ల కనక కండ మెత్తన, కీళ్ళు వదులు. నిలబెడితే చీలమండలు లోపలికి ఒరిగిపోయి, పాదాలు పిండిముద్దల్లా నేలకి పరుచుకుంటాయి. ఎటన్నా పోవాలంటే పిర్రల మీద గిర్రుగిర్రున తిరుగుతూ పోతుంది, అందుకే ఆ పేరు. కానీ పదిహేను రోజుల కిందట బొంగరానికి ఒక విద్య పట్టుబడింది. గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించి, పిర్రలు పైకి లేపి, కాసేపు తలకిందులుగా కాళ్ళ సందులోంచి లోకాన్ని చూసి, ఒక్క ఊపుతో లేచి నిలబడేది. గోడ లేదు, కుర్చీ లేదు. మూడంకెలు లెక్కపెట్టేలోగా కూలబడేది. కూలబడే ముందు మాత్రం తనకి తనే చప్పట్లు కొట్టుకునేది. అమ్మమ్మ మిషను పెడలు ఆపేసి మరీ చూసేది ఆ చప్పట్లని.

ఇప్పుడీ బ్రేసులు తొడిగితే మూడంకెలు ముప్పై అవుతాయని అందరి ఆశ.

తొడిగారు. పొడుగు మేజోడు, దాని మీద బ్రేసు, దాని మీద బ్రేసు పట్టేలా కొత్తగా కొన్న షూ. గోడకి ఆనించి నిలబెడితే పిల్ల నిలువునా నిలబడింది. వాళ్ళమ్మ పోస్టాఫీసు నుంచి అప్పుడే వచ్చి, ఉత్తరాలు వేరుచేసీ చేసీ నల్లబడ్డ వేళ్ళు కడుక్కోకుండానే నేల మీద కూర్చుంది.

"అమ్మా, చూడవే! చీలమండ ఒరగలేదు. తిన్నగా ఉంది."

"తిన్నగానే ఉంది," అంది అమ్మమ్మ. ఎందుకో ఆ మాట అనేటప్పుడు తను చెక్కబొమ్మకి చొక్కా తొడిగి చూసే రోజులు గుర్తొచ్చాయి.

బొంగరం చేతిలో చెంచా కింద పడింది. తీసుకుందామని గొంతుక్కూర్చోబోయింది. చీలమండ వంగితే కదా! మడమ నుంచి మోకాలి దాకా ఒకటే బద్ద. పిల్ల బల్లచెక్కలాగా వెనక్కి పడింది. తల నేలకి టంగుమంది. తండ్రి ఒక్క గెంతులో ఎత్తుకున్నాడు. చిత్రం, పిల్ల ఏడవలేదు. తండ్రి భుజం మీద నుంచి తన కాళ్ళకేసి చూసింది. ఎవరో తెలియనివాళ్ళు ఇంట్లోకొచ్చి కూర్చుంటే చూస్తుంది చూడండి, అలా.

*

రెండో రోజుకి పిల్ల లేవడానికి ప్రయత్నించడం మానేసింది. మూడో రోజుకి గిర్రున తిరగడం కూడా మానేసింది, ప్లాస్టిక్కు నేల మీద గరగరలాడుతుంటే ఎలా తిరుగుతుంది? కూర్చోబెట్టినచోట కూర్చుంది. బ్రేసుల పెట్టె మూత చప్పుడైతే చాలు, మిషను కింద రాలిన గుడ్డపేలికల్లో పాదాలు దూర్చి దాచేసుకునేది. ఒక్కో పేలికా జాగ్రత్తగా వేళ్ళ మీద కప్పుకునేది.

కూతురు ఆస్పత్రికి ఫోన్ చేసింది. బ్రేసులు రాసే ఆయన నిజానికి డాక్టరు కాడు, అయినా అందరూ బ్రేసుల డాక్టరనే అంటారు. ఫోను స్పీకర్లో పెట్టింది. ఆయన వెనకాల ఇంకెవరో పిల్లలు ఏడుస్తున్నారు.

"పడిపోతోందండీ. లేవడం మానేసింది."

"అలవాటవ్వాలమ్మా. ఈ పిల్లలు కాస్త మొండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విప్పకుండా ఉంచండి. ఆరు వారాలు చూద్దాం."

"ఒకసారి చూస్తారా, తీసుకొస్తాను."

"శుక్రవారం రండి. చూసేదేముందిలెండి, ఈ పిల్లలందరికీ ఇవే వేస్తాం."

ఫోను పెట్టేశాక అమ్మమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మొండా? ఎవరు మొండి? దీని జన్మలో దీనికి మొండితనం చేసే తీరికెక్కడిదే! పొద్దున లేస్తే చెంచా పట్టుకోవడం ఒక పని, పూసలు దండకి ఎక్కించడం ఒక పని, నాలుక లోపల పెట్టుకోవడం ఒక పని. నీకూ నాకూ ఊరికే వచ్చినవన్నీ ఇది కూలిపని చేసినట్టు చేసి సంపాదించుకుంటోంది. మొండిట!"

"నా మీద అరిస్తే ఏం లాభం?" అంది కూతురు. చిన్నప్పటి నుంచీ అంతే, నోట్లో నాలుక లేని పిల్ల. రాసి ఉన్న కాగితం ఏదైనా సరే దానికి దణ్ణం పెట్టే రకం.

బుధవారం సాయంత్రం వ్యాయామాలు చేయించే అమ్మాయి వచ్చింది. వారానికోసారి వస్తుంది. రాగానే చాప పరిచి, పెద్ద రబ్బరు బంతి ఊది, బొంగరం బ్రేసులు విప్పింది. మేజోడు లాగితే చీలమండ లోపలివైపు ఎముక మీద ఎర్రటి మచ్చ. కాలివేళ్ళ కింద ఇంకో గీత.

"ఎంతసేపటికి పోతోంది ఈ ఎరుపు?"

"చూడలేదమ్మా."

"గడియారం చూడండి. ఇరవై నిమిషాల్లో పోతే ఫరవాలేదు. పోకపోతే అది నొక్కుతున్నట్టు."

అమ్మమ్మ గడియారానికి ఎదురుగా కూర్చుంది. ఇరవై అయింది. ముప్పై అయింది. నలభైకి కూడా ఆ మచ్చ అలాగే ఉంది.

వ్యాయామాల అమ్మాయి పిల్ల పాదాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఆడించింది, పక్కలకి ఆడించింది. "పైకీ కిందకీ వంచే బలం దీనికి బాగానే ఉందండీ. పక్కలకే నిలవట్లేదు. చీలమండ పైదాకా వచ్చే పొట్టి బ్రేసులుంటాయి, పల్చటి ప్లాస్టిక్కు. పక్కలకి ఒరగనివ్వవు కానీ వంగనిస్తాయి. నన్నడిగితే దీనికి అవి చాలు. గొంతుక్కూర్చోకుండా లేవడం ఎలా నేర్చుకుంటుంది?"

"ఆ మాట ఆయనకి చెప్పు తల్లీ!"

ఆ అమ్మాయి బంతిలో గాలి తీస్తూ తల వంచుకుంది. "ఒకసారి చెప్పానండీ, వేరే పిల్లాడికి. మీ పని వ్యాయామం, బ్రేసులు నా పని అన్నారు. రాసేది ఆయన. మీరు అడగండి, కన్నవాళ్ళు అడిగితే వేరు."

ఆమె వెళ్ళాక కన్నతల్లి పొయ్యి దగ్గర నిలబడి ఎంతకీ ఇటు తిరగలేదు.

"శుక్రవారం అడుగుదాం," అంది అమ్మమ్మ.

"అడిగి? పొట్టివి వేయించుకుని, రేపు ఇది నడవకపోతే? మేం చెప్పాం, మీరు వినలేదు అంటారు. జీవితాంతం అంటారు. అప్పుడు సమాధానం నువ్వు చెప్తావా?" గరిటె గిన్నెకి ఠంగున తగిలింది. "ఆయన చెప్పింది చేస్తే, కనీసం తప్పు నాది కాదు."

అమ్మమ్మ బ్రేసులు పెట్టెలో పెట్టి మూత మూసింది. ఆ రాత్రి అల్లుడు జోకులు కూడా వెయ్యలేదు.

*

గురువారం మధ్యాహ్నం పిల్లా తనూ ఇద్దరే ఉన్నప్పుడు అమ్మమ్మ మిషను పక్కకి జరిపింది. నమూనాలు కత్తిరించుకునే గోధుమరంగు కాగితం చుట్ట తీసి నేల మీద పరిచి, నాలుగు మూలలా దారపు ఉండలు పెట్టింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, బొంగరం పాదాలు ముంచి, కాగితం మీద నిలబెట్టింది.

"కదలకు తల్లీ. కొలత తీస్తున్నా. మహారాణిగారికి కొత్త గౌను."

తడి ఆరేలోగా సుద్దతో చుట్టూ గీసింది. పొట్టి పాదం, బాగా వెడల్పు. బొటనవేలికీ దాని పక్క వేలికీ మధ్య ఇంకో వేలు పట్టేంత సందు. తర్వాత బ్రేసు తెచ్చి ఆ గీత మీద పెట్టింది. మడమకి మడమ కలిపింది. ముందువైపు అమ్మమ్మ బొటనవేలి వెడల్పంత ప్లాస్టిక్కు మిగిలిపోయింది. పక్కలేమో గీతకి లోపలే ఉన్నాయి.

అడుగు వేద్దామంటే ఆ మిగిలిన ముక్క నేలకి తన్నదూ! పక్కల ఎముక నొక్కుకోదూ!

"కొలవడం రాని వెధవ," అంది పైకే. బొంగరం "దవ" అంది.

అసలు కొలిచాడా? అమ్మమ్మ గుర్తు చేసుకుంది. ఆ రోజు ఆయన గదిలో రద్దీ. పిల్ల వాళ్ళమ్మ ఒళ్ళో ఉంది. ఆయన పాదాన్ని ఒక్కసారి ఇటూ అటూ తిప్పి, కాగితం మీద ఏదో రాసుకుంటూ చెయ్యి చాపి "షూ ఇవ్వండి" అన్నాడు. షూ తీసి ఇచ్చిందెవరు?

లేచి వెళ్ళి ఆ పాత షూ తెచ్చింది. లోపల వేళ్ళు పెట్టింది. ముందువైపు దూది ఉండ చేతికి తగిలింది. తను కూరిందే. పిల్ల పాదం వెడల్పని, వెడల్పుకి సరిపడేది కావాలంటే పొడుగు రెండు సైజులు ఎక్కువ కొనాలని, ముందు ఖాళీలో గుప్పెడు దూది తన చేత్తోనే కూరింది. ఆ షూనే తన చేత్తోనే తీసి ఆయనకి ఆదిగా ఇచ్చింది.

కొత్తది కుట్టడానికి కొలత కోసం ఇచ్చే పాత బట్టని ఆది అంటారు కదా. నలభై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి, ఏ రోజూ ఆది పెట్టుకుని కుట్టలేదు. ఎవరన్నా పాత చొక్కా తెచ్చి "దీని కొలతకే కుట్టండి" అంటే, "ఇది కుట్టినవాడి తప్పులు కూడా నన్ను కుట్టమంటావా? చేతులెత్తి నిలబడు, కొలుస్తాను" అని దబాయించేది. ఊరందరి ఒళ్ళూ కొలిచి, ఒక్కగానొక్క మనవరాలికి మాత్రం ఆది ఇచ్చి చేతులు కట్టుకుని కూర్చుంది. డాక్టరుగారని.

దూది ఉండ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది. సాయంత్రం కూతురొస్తే కాగితం చూపించింది కానీ, దూది సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు బస్సులో, పిల్ల మధ్యలో నిద్రపోతుంటే, కిటికీ బయటికి చూస్తూ చెప్పింది. "ఆ షూలో దూది ఉందే. తియ్యకుండా ఇచ్చాను."

కూతురు నిద్రపోతున్న పిల్ల పాదాలు తన ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత, "నువ్వు ఇచ్చావు సరే. ఆయన ఎందుకు తీసుకున్నాడు? కాలు నా ఒళ్ళోనే ఉంది కదా," అంది.

అలాంటి మాట కూతురి నోట అమ్మమ్మ ఎప్పుడూ వినలేదు.

*

వరండా నిండా జనం. తలుపు తెరిచినప్పుడల్లా లోపలి నుంచి "తర్వాత!" అని ఒక కేక. వీళ్ళ వంతొచ్చింది. బ్రేసుల డాక్టరు చెడ్డమనిషిలా ఏమీ లేడు. కళ్ళ కింద వాపు, బల్ల మీద సగం తాగి వదిలేసిన టీ, కాగితాల గుట్ట. పిల్ల బుగ్గ మీద తట్టాడు కూడా.

అమ్మమ్మ కాగితం పరిచి, బ్రేసు పెట్టి చూపించింది.

"అచ్చు ప్రకారం సైజు కరెక్టే అమ్మా. ముందు కాస్త ఎక్కువుంటే మంచిదే, పెరిగే పిల్ల. మరీ ఇబ్బందైతే వెనక గదిలో ఇవ్వండి, అంచు గీకి ఇస్తారు. తర్వాత!"

వెనక గదిలో కాలిన ప్లాస్టిక్కు వాసన. నేలంతా తెల్లటి పొడి. ముంజేతుల దాకా సున్నం కొట్టినట్టున్న ఒక పెద్దాయన ప్లాస్టర్ పాదాన్ని బిగింపులో పెట్టి ఆకురాయితో రుద్దుతున్నాడు. అచ్చులు తీసేది ఆయనే. గోడ పొడుగునా అరల్లో పాదాలు. చిన్నవి, పెద్దవి, వంకరవి, వేళ్ళు లేనివి. ఒక్కోదాని పిక్క మీద నీలం పెన్సిలుతో ఒక పేరు, ఒక తేదీ.

"మా పిల్లది ఏదండీ?" అడిగింది అమ్మమ్మ.

ఆయన వీళ్ళ చీటీ చూశాడు. పైన అరలు చూడలేదు. వంగి, అన్నిటికంటే కింది అరలోంచి ఒక జత తీశాడు. ఆ అరలో మూడే జతలున్నాయి. వాటి మీద పేర్లు లేవు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు. వాడీ వాడీ గులకరాళ్ళలా నున్నబడ్డాయి.

"రెండో నంబరు," అన్నాడు.

"ఇది మా పిల్ల కాలు కాదే."

"కాదమ్మా. మీ పిల్లలాంటి పిల్లలకి విడిగా అచ్చు తియ్యరు. కుదురుగా కూర్చోరు కదా, ప్లాస్టర్ పాడుచేస్తారని. వాళ్ళందరికీ ఈ మూడే. షూ సైజు చూసి నంబరు రాసి పంపుతారు, నేను దాని మీద వేడిచేసిన ప్లాస్టిక్కు పరుస్తాను."

"మరి ఇది ఎవరి కాలు?"

ఆయన ఆకురాయి కింద పెట్టాడు. ఆ ప్రశ్న తననెవరూ అడగలేదని మొహం చూస్తే తెలుస్తోంది. "ఎవరిదోనమ్మా. నేను చేరక ముందు నుంచీ ఇక్కడే ఉంది. పద్దెనిమిదేళ్ళయింది నేనొచ్చి."

అంటే ఆ కాలు తాలూకు పిల్లో పిల్లాడో ఇప్పుడు పెద్దమనిషయి ఉంటారు.   అమ్మమ్మ ప్లాస్టర్ పాదాన్ని రెండు చేతులతో ఎత్తుకుంది, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు. అచ్చులాయన "అమ్మా, అమ్మా" అంటూ వెంటపడ్డా ఆగలేదు. వరండాలో జనం దారిచ్చారు. తలుపు కొట్టలేదు. తిన్నగా లోపలికెళ్ళి, బల్ల మీద కాగితాల గుట్ట నడినెత్తిన దాన్ని దించింది.

"ఇది ఎవరి కాలు బాబూ?"

"ఏమిటమ్మా ఇది, లోపల పేషెంటు..."

"ఎవరి కాలో చెప్పండి, వెళ్ళిపోతాను. నేను కుట్టుపనిదాన్ని, పెద్దగా చదువుకోలేదు. కానీ ఊళ్ళో లావుగా ఉన్నవాళ్ళందరికీ ఒకే చొక్కా కుట్టి పంపితే నన్ను చెప్పుచ్చుకు కొడతారు. మీరు ఒక బిడ్డ కాలు పద్దెనిమిదేళ్ళుగా అందరు బిడ్డలకీ తొడుగుతున్నారు. పైగా పడిపోతే మొండి అంటున్నారు!"

"వాళ్ళు ప్లాస్టర్‌కి కూర్చోరమ్మా. తన్నేస్తారు. రోజుకి నలభై మంది..."

"మా పిల్లకి ఎప్పుడు వేసి చూశారు? ఎప్పుడు తన్నింది?"

ఆయన ప్లాస్టర్ పాదం కింద నలిగిన కాగితాలు లాక్కోబోయాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. వరండాలో జనం మెడలు సాచి చూస్తున్నారు.

అప్పుడు గుమ్మంలో నుంచి కూతురు లోపలికొచ్చింది. ఎవరినీ ఏమీ అడక్కుండా నేల మీద కూర్చుని, బొంగరం మేజోళ్ళు లాగి, పిల్లని ఒట్టి కాళ్ళతో నేల మీద దించింది. "అమ్మా, సుద్ద," అంది. అమ్మమ్మ సంచిలోంచి సుద్దబిళ్ళ తీసి పిల్ల ముందు పడేసింది.

బొంగరం సుద్దకేసి చూసింది. అందరి మొహాలకేసీ చూసింది. గొంతుక్కూర్చుని సుద్ద తీసుకుంది. తర్వాత చేతులు నేలకి ఆనించి, పిర్రలు పైకెత్తి, కాళ్ళ సందులోంచి బ్రేసుల డాక్టరుని తలకిందులుగా చూసింది. లేచింది. ఊగింది. నిలబడింది. సుద్ద చేతిలోనే ఉండడంతో చప్పట్లు సరిగా మోగలేదు. వరండాలో ఎవరో మోగించారు.

ఆయన కుర్చీలోంచి లేచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిల్ల చీలమండల ఎత్తుకి తల వంచాడు. "ఇంకోసారి చేయించండి," అన్నాడు. ఇంకోసారి చేసింది. చీలమండలు ఒరగడం చూశాడు, మోకాళ్ళు వంగడం చూశాడు. "ఇది ఎప్పటి నుంచి చేస్తోంది?"

"మీ బ్రేసులు రాక ముందు నుంచి," అంది కూతురు. "మీరు అడగలేదు. నేనూ చెప్పలేదు. దీనికి పొట్టివి వెయ్యండి. దీని కాలికి అచ్చు తీసి వెయ్యండి."

"వేస్తాను కానీ, రేపు ఏమన్నా తేడా వస్తే..."

"వస్తే మళ్ళీ తీసుకొస్తాను. మీరు మళ్ళీ చూస్తారు. అంతే కదండీ." చూపు దించలేదు. అమ్మమ్మ కూతురి నల్లబడ్డ వేళ్ళకేసి చూసి, ఇక తను నోరు విప్పనక్కర్లేదని ఊరుకుంది.

మొదటిసారి ప్లాస్టర్ గుడ్డ చుడుతుంటే బొంగరం నిజంగానే తన్నింది. గోరువెచ్చటి తెల్లనీళ్ళు అచ్చులాయన మొహాన పడ్డాయి. బ్రేసుల డాక్టరు అమ్మమ్మకేసి చూశాడు. చూశారా అన్నట్టు.

"ఏ పిల్లయినా తంతుంది," అంది అమ్మమ్మ. సంచిలోంచి కొలతల టేపు తీసి పిల్ల చేతికిచ్చింది. "బొంగరం, ఈ తాతయ్యకి కొలత తియ్యమ్మా. చొక్కా కుట్టాలి."

బొంగరం అచ్చులాయన ముక్కు కొలిచింది. చెవి కొలిచింది. ఆయన చేతులు పాదం మీద ఉన్నాయి కనక మొహం పిల్లకి వదిలేశాడు. నాలుగు నిమిషాల్లో ప్లాస్టర్ గట్టిపడింది. రెండో కాలు అయ్యేలోగా ఆయన మెడ, గడ్డం, కళ్ళజోడు అన్నీ కొలిచేసింది. ఇలాంటి పిల్లలకి ఇన్నేళ్ళూ పేరు లేని అచ్చులే వాడిన ఆ పెద్దాయన, బొంగరం పాదాన్ని ఇంకా కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"పిక్క మీద ఏం పేరు రాయమంటారు?" అని మాత్రం అడిగాడు. కూతురు చెప్పింది. నీలం పెన్సిలుతో రాశాడు.

బయటికొస్తుంటే వరండాలో బెంచీ చివర ఒక చిన్నవయసు తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో ఏడాదిన్నర పిల్లాడు. బొంగరానికున్నట్టే బాదంగింజల కళ్ళు, అదే మెత్తటి మెడ. ఆమె లేచి నిలబడింది, ఇక తన వంతేనని. చేతిలో పిల్లాడి షూ సిద్ధంగా పట్టుకుని ఉంది.

అమ్మమ్మ ఆగింది. బ్రేసుల డాక్టరుకి ఇందాక అంత కోపం తెప్పించింది కదా, ఇంకాస్త తెప్పిస్తే నష్టమేమిటనుకుంది.

"ఆ షూ సంచిలో పెట్టెయ్ తల్లీ," అంది. "అడిగినా ఇవ్వకు. కాలు చూపించు."

"తర్వాత!" అని లోపల్నుంచి కేక వినిపించింది.

ఆ తల్లి తలుపుకేసి చూసింది, చేతిలో షూకేసి చూసింది. సంచి జిప్పు తీసింది.